కరెంటు, గ్యాస్ కంపెనీల రిపోర్టులు మన ఊరి సంగతితో సరిపోకపోతే: సమస్య - పరిష్కారం

కరెంటు ఇచ్చే డిస్కం అయినా, పైపులో గ్యాస్ తెచ్చే కంపెనీ అయినా ప్రభుత్వ సంస్థలకు గడువు ప్రకారం లెక్కలు అప్పజెప్పాల్సిందే. ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు కాలాయి, ఎన్ని గంటల్లో మార్చారు, ఎంత కరెంటు కొన్నారు, దారిలో ఎంత పోయింది, ఎవరు ప్రాణం పోగొట్టుకున్నారు, ఎన్ని ఇళ్లకు గ్యాస్ పైపు వెళ్లింది అన్నీ అందులో ఉండాలి. మన బిల్లు, మన ఊరికి కొత్త సబ్‌స్టేషన్, కంపెనీకి పడే జరిమానా ఈ కాగితాల మీదే ఆధారపడతాయి. అందుకే కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో రైతులు, గృహిణులు, చిన్న మిల్లులవాళ్లు వీటిని చదవడం నేర్చుకోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

రిపోర్టు ఒకటి చెబుతుంటే ఊళ్లో ఇంకొకటి జరుగుతున్నప్పుడు అందరూ అనే మాట "అంతా దొంగ లెక్కలు" అని. చాలాసార్లు అసలు కారణం వేరే: జరిగింది ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కలేదు. ఎక్కనిది రిపోర్టులోకి రాదు.

ఎవరి లెక్క ఎవరికి వెళ్తుందో ముందు చూద్దాం. డిస్కం పనితీరు, ఖర్చులు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి, అంటే ఏపీఈఆర్సీకి వెళ్తాయి. కింద కమిషన్ అన్నది దీన్నే. దాని ఆఫీసు 2023లో హైదరాబాద్ నుంచి కర్నూలుకు వచ్చింది, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. ఉత్పత్తి, సరఫరా గణాంకాలు ఢిల్లీలోని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థకు, కరెంటు ప్రమాదాల కబురు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు చేరాలి. గ్యాస్ సంగతులు చూసేది ఢిల్లీలోనే ఉన్న పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు. పీఎన్‌జీఆర్‌బీ అంటారు.

సమస్య: ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఐదు రోజులైంది, లెక్కలో మాత్రం "గడువులోనే మార్చాం" అని ఉంది

మా ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఏపీఈఆర్సీ 2004లో తెచ్చిన ఏడో నంబర్ రెగ్యులేషన్ ప్రకారం కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలి. బోరు కింద చెనిక్కాయ పంట ఎండుతుంటే ఆ 48 గంటలే యుగంలా ఉంటాయి, ఐదు రోజులంటే చెప్పనక్కర్లేదు.

కారణం ఏమిటంటే గడువు ఫిర్యాదు నమోదైన క్షణం నుంచే లెక్కకొస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిన క్షణం నుంచి కాదు. పల్లెల్లో మనం చేసేది లైన్‌మన్ సొంత సెల్‌కు ఫోన్ కొట్టడం. ఆయన పాపం వస్తాడు, చూస్తాడు, "పైకి చెప్పాను" అంటాడు. రైతులంతా తలా ఇంత వేసుకుని ట్రాక్టర్ మాట్లాడి కాలినదాన్ని రిపేరు కేంద్రానికి మోసుకెళ్తారు. ఆఫీసు పుస్తకంలో అది అక్కడికి చేరిన రోజే మొదటిసారి కనిపిస్తే, మర్నాడు కొత్తది ఇచ్చిన వెంటనే లెక్క "ఒక రోజు"గా మారిపోతుంది. ముందు పోయిన నాలుగు రోజులు ఎక్కడా లేవు. మార్చి పెట్టాల్సిన బాధ్యత డిస్కందే కాబట్టి, రైతులు పెట్టుకున్న ట్రాక్టర్ బాడుగ కూడా ఏ లెక్కలోనూ లేదు.

లైన్‌మన్‌కు చెప్పండి, తప్పేం లేదు. కానీ ఆ ఫోన్‌కు ముందే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. సర్వీస్ నంబర్ దగ్గర పెట్టుకుని చేయండి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతుల్లో కనీసం ఇద్దరు ముగ్గురు విడివిడిగా చేస్తే "ఫిర్యాదే రాలేదు" అనే మాటకు తావుండదు. మెసేజ్ వస్తే దాచుకోండి, రాకపోతే ఫోన్ చేసిన తేదీ, సమయం, చెప్పిన నంబర్ ఒక పుస్తకంలో రాసుకోండి. బాగైన తర్వాత "బాగైంది" అని మూసేసిన సమయం కూడా కనుక్కోండి. పని కాకుండానే ఫిర్యాదు మూసేసినట్టు తెలిస్తే వెంటనే మళ్లీ నమోదు చేయించాలి.

గడువు దాటితే పరిహారం అడగండి. మొత్తం చిన్నదే కావచ్చు, అయినా అడగాలి. విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 59 ప్రకారం డిస్కం తన పనితీరుతో పాటు ఎన్ని కేసుల్లో పరిహారం ఇచ్చింది, మొత్తం ఎంత ఇచ్చింది అనేది కూడా కమిషన్‌కు చెప్పాలి. కమిషన్ ఆ వివరాలను ఏడాదికి ఒకసారైనా ప్రచురించాలి. జిల్లా జిల్లా అంతా బాధపడి ఒక్కరూ పరిహారం అడగకపోతే ఆ గడిలో సున్నా ఉంటుంది, చదివేవాళ్లకు అంతా సవ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది. పరిహారం ఇవ్వకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాతపూర్వకంగా వెళ్లవచ్చు. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండింటికీ వకీలు అవసరం లేదు.

సమస్య: రోజుకు పదిసార్లు కరెంటు పోతోంది, అంతరాయాల సూచిక మాత్రం బాగుంది

సైఫీ, సైడీ అనే రెండు అంకెలు ఈ రిపోర్టుల్లో కనిపిస్తాయి. సగటున ఒక్కో వినియోగదారుడికి ఎన్నిసార్లు కరెంటు పోయిందో సైఫీ చెబుతుంది. సగటున ఎంతసేపు పోయిందో సైడీ చెబుతుంది. వెయ్యి సర్వీసులున్న చోట రెండు వందల ఇళ్లకు గంటసేపు పోతే సైడీ పన్నెండు నిమిషాలే. ఆ రెండు వందల ఇళ్లవాళ్లు గంటసేపు చీకట్లో కూర్చున్న సంగతి సగటులో కరిగిపోతుంది. అంకె తప్పు కాదు, అది చెప్పేది మన ఇంటి సంగతి కాదు, అంతే.

తేడాకు ఇంకో మూడు కారణాలుంటాయి. వచ్చి పోయే కరెంటు, అంటే ఐదు నిమిషాల లోపు అంతరాయాలు, సాధారణంగా ఈ రెండు సూచికల్లోకి రావు, వాటి లెక్క వేరు. రెండోది, నమోదు ఎక్కువగా సబ్‌స్టేషన్‌లోని 11 కేవీ ఫీడర్ దగ్గర, అంటే ఊళ్లకు కరెంటు తెచ్చే లైను మొదట్లో జరుగుతుంది. ఫీడర్ బాగానే ఉండి మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే సబ్‌స్టేషన్‌కు ఆ సంగతి తెలియదు. మూడోది, వ్యవసాయ ఫీడర్లను ఇలాంటి లెక్కల్లో పక్కన పెట్టడమో వేరుగా చూపడమో మామూలు. బోర్ల మీద బతికే అనంతపురం జిల్లాకు ఇది చిన్న విషయం కాదు.

మీ ఫీడర్ పేరు ముందు కనుక్కోండి, సబ్‌స్టేషన్‌లో అడిగితే చెబుతారు. ఒక నెల కరెంటు పోయిన, వచ్చిన సమయాలు రాసుకోండి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద అదే నెలకు అదే ఫీడర్ లాగ్ బుక్ నకలు అడగండి. మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. "కరెంటు ఎందుకు పోతోంది" అని అడిగితే జవాబు రాదు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా ఫీడర్ లాగ్ బుక్ పేజీలు అని అడిగితే తప్పించుకోలేరు. మీ పుస్తకం, వాళ్ల పుస్తకం పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన చోట్లు మాత్రమే రాసి పంపండి. పది పేజీల ఆవేదన కంటే ఒక పేజీ పట్టిక బలమైంది.

సమస్య: ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు బిల్లులో సర్దుబాటు చార్జీ

డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల లెక్కను ఏటా నవంబర్ చివరికల్లా కమిషన్‌కు ఇవ్వాలి. కరెంటు కొనుగోలు ఖర్చు అంచనా దాటితే ఆ తేడాను తర్వాత సర్దుబాటుగా అడుగుతాయి. నెలనెలా యూనిట్‌కు 40 పైసల వరకు ముందస్తు అనుమతి లేకుండానే వేసుకునే వీలుంది, ఏడాది చివర మొత్తం లెక్క కమిషన్ ముందుకు రావాలి.

బిల్లు చేతికొచ్చాక కౌంటర్ దగ్గర గొడవపడితే ఫలితం ఉండదు, అప్పటికే ఆదేశం అయిపోయి ఉంటుంది. అడ్డుకోవాల్సింది ప్రతిపాదన మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు. ఆ ప్రతిపాదనలు కమిషన్ వెబ్‌సైట్‌లో పెడతారు, పత్రికల్లో ప్రకటన ఇస్తారు, బహిరంగ విచారణ జరుపుతారు. దీనివల్ల ఒరిగేదేముంది అనుకోవద్దు. 2022-23 సర్దుబాటు కింద డిస్కంలు సుమారు 8,100 కోట్ల రూపాయలు అడిగితే, పరిశీలించి కమిషన్ 6,073 కోట్ల దగ్గర ఆపింది.

అభ్యంతరం రాసేటప్పుడు వ్యవసాయ వినియోగం అంచనా మీద కన్నేయండి. మోటార్లకు మీటర్లు లేని చోట కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి, దాన్నిబట్టి మొత్తం లెక్కిస్తారు. ఆ అంచనా పెరిగితే నష్టాలు తక్కువగా కనిపిస్తాయి, ప్రభుత్వ సబ్సిడీ లెక్క మారుతుంది. దీన్ని సరిచూడటానికి ఒక దారి ఉంది. 2021లో కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ తెచ్చిన నిబంధనల ప్రకారం డిస్కంలు ప్రతి మూడు నెలల ఇంధన లెక్కను గడువులోగా ఇవ్వాలి. ఏడాదికోసారి బయటి ఆడిటర్‌తో తనిఖీ కూడా చేయించాలి. కమిషన్‌కు ఇచ్చిన అంకె, ఈ ఇంధన లెక్కలో ఇచ్చిన అంకె ఒకటేనా అని అడిగితే చాలు, అది మంచి అభ్యంతరం.

సమస్య: తీగ తెగిపడి మనిషో, ఎద్దో చనిపోతే పరిహారం ఫైలు కదలడం లేదు

విద్యుత్ చట్టంలో ప్రమాదాల కబురు, విచారణ గురించి చెప్పే సెక్షన్ 161 మనుషులకే కాదు, పశువులకూ వర్తిస్తుంది. 2005 నాటి నిబంధనల ప్రకారం ప్రాణం పోయిన ప్రమాదం గురించి తెలిసిన 24 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు కబురు పంపాలి, 48 గంటల్లో ఫారం-ఏలో రాతపూర్వక నివేదిక ఇవ్వాలి. తప్పు శాఖదా, పొలం వైరింగ్‌దా అనేది తేలేది ఇన్‌స్పెక్టర్ విచారణలోనే. ఫైలు ఆగేది కూడా ఎక్కువగా ఇక్కడే.

దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లు ఇవన్నీ చూసుకోలేరు, పక్కింటివాళ్లు చూడాలి. లైను ఆపారని రూఢి అయ్యేదాకా ఎవరినీ దగ్గరికి పోనివ్వకండి. దూరం నుంచే ఫోటోలు తీయండి, తెగిన తీగ, స్తంభం నంబర్ కనిపించేలా. పోలీసు ఫిర్యాదు, పోస్ట్‌మార్టం తప్పనిసరి. పశువైతే పశువైద్యుడి ధ్రువపత్రం కావాలి. ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు మీరే నేరుగా ఒక ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత ఫారం-ఏ నకలు, విచారణ నివేదిక నకలు సమాచార హక్కు కింద అడగండి.

సమస్య: చీనీ తోటలో గ్యాస్ పైపు వేస్తామంటున్నారు, లేదా వేసేశారు, డబ్బు రాలేదు

పెద్ద పైపులైన్లకు 1962 నాటి చట్టం వర్తిస్తుంది. భూమి మీ పేరునే ఉంటుంది, పైపు వేసుకునే వినియోగ హక్కు మాత్రం కంపెనీకి వెళ్తుంది. గెజిట్ ప్రకటన జనానికి అందుబాటులోకి వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పాలి. వినియోగ హక్కుకు ప్రకటన తేదీ నాటి మార్కెట్ విలువలో 10 శాతం, పంటకు, చెట్లకు జరిగిన నష్టం వేరుగా ఇవ్వాలి. ఆ తర్వాత పైపు పోయే ఆ పట్టీలో చెట్టు నాటకూడదు, బావి తవ్వకూడదు, కట్టడం కట్టకూడదు. ఏటా చెనిక్కాయ వేసే రైతుకు ఇది పెద్ద దెబ్బ కాదు గానీ చీనీ రైతుకు ఆ పట్టీ తోటగా శాశ్వతంగా పోయినట్టే. అందుకే అభ్యంతరంలో ఈ మాట విడిగా రాయాలి, తోట అంచు నుంచి పైపు మళ్లించమని అడగాలి.

డబ్బు ఆగిందంటే సాధారణంగా రికార్డులో లోపం. అడంగల్ (పొలం, పంట వివరాల రికార్డు) ఇంకా చనిపోయిన తండ్రి పేరున ఉంటుంది, లేదా తోట ఉన్న చోట బీడు అని రాసి ఉంటుంది. సర్వే మొదలైందని తెలియగానే 1బీ (భూమి హక్కుల రికార్డు) సరిచేయించుకోండి, రైతు సేవా కేంద్రంలో ఈ-పంటలో తోట నమోదైందో లేదో చూసుకోండి. పంచనామాలో చెట్ల సంఖ్య, వయసు, బోరు ఉన్న చోటు రాసేదాకా సంతకం పెట్టవద్దు. మొత్తం తక్కువనిపిస్తే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లే హక్కు ఉంది.

సమస్య: ఊళ్లో గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినట్టు లెక్క ఉంది, మా వీధికి రాలేదు

గ్యాస్ కంపెనీ లైసెన్సు పొందేటప్పుడే ఏడాదివారీ లక్ష్యాలు ఒప్పుకుంటుంది: ఎన్ని ఇళ్లకు కనెక్షన్లు, ఎన్ని సీఎన్‌జీ బంకులు, ఎన్ని అంగుళ-కిలోమీటర్ల ఉక్కు పైపు. 8 అంగుళాల పైపు 10 కిలోమీటర్లు వేస్తే 80 అంగుళ-కిలోమీటర్లు. ఈ లక్ష్యాలు ఊరికి కాదు, మొత్తం ప్రాంతానికి. అనంతపురం, కడప ఉమ్మడి జిల్లాలు కలిపి ఒకే ప్రాంతం కాబట్టి ఒక పట్టణంలో పని జోరుగా సాగితే ఇంకో పట్టణం వెనకబడటం అంకెల్లో కనిపించదు.

ప్రైవేటు కంపెనీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టలేం అని చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ ఆ చట్టంలోని సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం, ప్రభుత్వ సంస్థ వేరే చట్టం కింద ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగల సమాచారాన్ని మనం ఆ ప్రభుత్వ సంస్థను అడగవచ్చు. కాబట్టి పీఎన్‌జీఆర్‌బీకి కేంద్ర ఆర్టీఐ పోర్టల్ నుంచి దరఖాస్తు పెట్టండి. పట్టణాలవారీగా కనెక్షన్ల సంఖ్య అడగండి. అందులో పైపు బిగించినవి ఎన్ని, పొయ్యి వెలిగినవి ఎన్ని అని రెండుగా అడగడం ముఖ్యం. వ్యాపార రహస్యం అని తిరస్కరిస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. అందులో ఇవి లైసెన్సు షరతుల ప్రకారం ఇచ్చిన ప్రగతి లెక్కలని, ప్రజా ప్రయోజనం ఉందని రాయండి.

వీధిలో గ్యాస్ వాసన వస్తే మాత్రం కాగితాల సంగతి తర్వాత. స్విచ్చులు వేయకుండా, ఆర్పకుండా తలుపులు తీసి బయటికి రండి. పైపు దారిలో పాతిన సూచిక స్తంభం మీదున్న అత్యవసర నంబర్‌కు దూరం వెళ్లాక ఫోన్ చేయండి. జేసీబీ తగిలి లీకైతే మేస్త్రీతో మాట్లాడి మట్టి కప్పించేయడం ప్రాణాంతకం. ఫోన్ చేసినప్పుడు అక్కడా ఫిర్యాదు నంబర్ అడిగి రాసుకోండి.