చికిత్స ముగిశాక, పాఠం 4: షీటు నుంచి క్యాలెండర్‌కి

ఈ పాఠంలో నేరుగా క్యాలెండర్, అంటే క్యాన్సర్ చికిత్స అయ్యాక ఏ పరీక్ష ఎప్పుడో చూపే పట్టిక, రాద్దామనుకున్నాను. జరిగిన చికిత్సంతా రాసి మీరు పంపిన ట్రీట్‌మెంట్ షీట్లు చూశాక మళ్లీ వెనక్కి వెళ్లక తప్పడం లేదు.

రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయిన ఒకావిడ గురించి కూతురు ఇలా రాసింది: "ఎర్ర ఇంజక్షన్లు 4, వారం వారం ఎక్కించేవి 12, కరెంటు 25 సార్లు." వార్డులో కీమో మందుల్ని, రేడియేషన్‌ని అందరం అలాగే అంటాం. షీటులో అది చాలదు. ఎర్రగా ఉండే మందులు ఒకటి కాదు. డాక్సోరూబిసిన్ ఎరుపే, ఎపిరూబిసిన్ కూడా ఎరుపే. రెండూ గుండెను దెబ్బతీయగలవు, జీవితం మొత్తంలో ఎంతకు మించకూడదన్న హద్దు మాత్రం దేనిది దానికే. పదేళ్ల తర్వాత అమ్మకు ఆయాసం వస్తే గుండె డాక్టరుకు కావాల్సింది మందు పేరు, మొత్తం మోతాదు. డిశ్చార్జ్ సమ్మరీలో లేకపోతే కీమో చార్టు జిరాక్స్ అడిగి తీసుకోండి. రేడియేషన్‌కి ఏ భాగం, ఎన్ని గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) అన్నది రాయండి.

ఇప్పుడు క్యాలెండర్. రొమ్ము క్యాన్సర్‌కి మొదటి 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి డాక్టరుకు చూపించుకోవాలి. 4, 5 ఏళ్లలో 6 నుంచి 12 నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. రొమ్ము ఉంచి ఆపరేషన్ చేసినవాళ్లకి రేడియేషన్ అయిన 6 నెలలకు ముందు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) వద్దు, తర్వాత ఏటా ఒకటి. నేనైతే దాన్ని సంక్రాంతి వెళ్లిన వారానికి పెట్టిస్తాను, తేదీ మరచిపోరు. లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర వాడేవాళ్లకి ఎముకల బలం కొలిచే డెక్సా స్కాన్ మొదట్లో ఒకటి, ఆపైన సాధారణంగా రెండేళ్లకోసారి. టామాక్సిఫెన్ అనే మరో హార్మోన్ మాత్ర వాడుతూ ముట్లు ఆగిపోయినావిడకు కొంచెం రక్తం కనిపించినా, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూడటం). మెడకు రేడియేషన్ ఇచ్చినవాళ్లకి 6 నుంచి 12 నెలలకోసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష. దవడకు రేడియేషన్ పడి ఉంటే, ఎన్నేళ్లయినా సరే, పన్ను పీకించుకునే ముందు ఆ సంగతి పళ్ల డాక్టరుకు చెప్పాలి. పుండు మానక ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది.

నాకు బాగా బాధ కలిగించేది ఒకటుంది. "ఏటా ఒక పెట్ స్కాన్ తీయించేస్తే టెన్షన్ ఉండదు కదా" అని చాలామంది రాశారు. ఏ బాధా లేని రొమ్ము క్యాన్సర్ మనిషికి అది అక్కర్లేదు. 1994లో ఇటలీ నుంచి వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలలో కొందరికి క్రమం తప్పకుండా ఎముకల స్కాన్లు, ఛాతీ ఎక్స్‌రేలు తీశారు, మిగతావాళ్లకు మామూలు పరీక్ష, మామోగ్రామ్ మాత్రమే. ఆయుష్షులో తేడా రాలేదు. రొమ్ము క్యాన్సర్ గుర్తును వెతికే సీఏ 15-3 రక్తపరీక్షను కూడా బాగున్నవాళ్లకి ఊరికే చేయించమని మార్గదర్శకాలు చెప్పవు. పైగా ఒక చిన్న మచ్చ కనపడితే బయాప్సీ, అది తేలేదాకా ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఇంకా ఘోరం, "స్కాన్ నార్మల్" అన్న ధీమాతో రెండు వారాలుగా తగ్గని నడుం నొప్పిని దాచుకుంటారు. ఆ నొప్పి చెప్పండి, అప్పుడు స్కాన్ అవసరమో కాదో డాక్టరు చూస్తారు. పెద్దపేగు సంగతి వేరు, అక్కడ క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష నిజంగా పనికొస్తుంది. అందుకే పక్కింటివాళ్ల క్యాలెండర్ కాపీ కొట్టొద్దు.

అభ్యాసం: వారంలోగా కీమో చార్టు తెచ్చి, వచ్చే 12 నెలలు నెలవారీగా నింపండి. ప్రతి తేదీ పక్కన ఏ మందు వల్ల, లేదా ఏ రేడియేషన్ వల్ల ఆ పరీక్ష వచ్చిందో రాయండి. కారణం రాయలేని పరీక్షల్ని కొట్టేయకుండా చుట్టూ గీత గీసి, వచ్చే విజిట్‌లో మీ డాక్టరునే అడగండి.