మేకపాల శాంపిల్‌లో డీఎన్‌ఏ రావడం లేదా? కిట్ మార్చే ముందు ఇది చూడండి

బెంగళూరు ల్యాబుల్లో పనిచేసే మన తెలుగు పిల్లలు తరచూ అడిగేది ఇదే: "అన్నా, హిందూపురం నుంచి తెచ్చిన మేకపాలలో డీఎన్‌ఏ రావట్లేదు. కిట్ పాడైందా?" డీఎన్‌ఏ తీసే కిట్ సంగతి తర్వాత చూద్దాం. కణాలు వేరుచేయకుండా పాలను పాలుగానే ఫ్రీజర్‌లో పెట్టారా? ముందు దానికి జవాబు చెప్పండి. చాలాసార్లు అవుననే వస్తుంది.

సమస్య: పెల్లెట్ (సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పాక అడుగున చేరే ముద్ద) తెల్లగా, పెద్దగా ఉంది. డీఎన్‌ఏ కొలిస్తే రీడింగ్ మాత్రం దాదాపు సున్నా.

కారణం: పాలలో మేక డీఎన్‌ఏ ఎక్కువగా సొమాటిక్ కణాల్లో, అంటే పాలలోకి చేరిన మేక శరీర కణాల్లో ఉంటుంది. పాలను మైనస్ 20 డిగ్రీల్లో పెడితే నెమ్మదిగా గడ్డకడుతుంది, ఆ మంచు స్ఫటికాలు కణాల పొరల్ని చీల్చేస్తాయి. కరిగించగానే డీఎన్‌ఏ పాలలోకి వచ్చేస్తుంది. మీరేమో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగుది ఉంచుకుని పైది సింక్‌లో పోస్తారు. కావలసింది చాలామటుకు అందులోనే పోయింది. అడుగున మిగిలింది ఎక్కువగా కేసీన్ అనే పాల ప్రొటీన్ ముద్ద. తాజా పాల నుంచి వచ్చే అసలు కణాల పెల్లెట్ చిన్నగా ఉంటుంది, దాన్ని చూసి టెన్షన్ పడతారు. ఈ పెద్ద ముద్దను చూసి నమ్మేస్తారు. అనుమానంగా ఉంటే ఈడీటీఏ అనే రసాయనం కలిపిన పీబీఎస్‌లో (కణాలు కడిగే ఉప్పు ద్రావణం) వేసి చూడండి. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేసుకుంటుంది కాబట్టి కేసీన్ కరిగిపోతుంది. ముద్ద మాయమైతే అక్కడున్నది ఎక్కువగా కేసీనే, కణాలు కావన్నమాట.

కణాల లెక్క బాగానే వచ్చిందంటారా? మేకపాలలో కేంద్రకం లేని, కణంలా కనిపించే రేణువులు బోలెడు ఉంటాయి. కేవలం సైజును బట్టి లెక్కించే యంత్రం వాటినీ కలిపేస్తుంది. డీఎన్‌ఏకి రంగు పట్టించి లెక్కించిన అంకెనే నమ్మండి.

పరిష్కారం: పాలు పితికిన వెంటనే ఐస్ పెట్టెలో, 4 డిగ్రీల దగ్గర ఉంచి తీసుకురండి. బస్సులో వచ్చినా సరే, గడ్డకట్టకూడదు. వీలైతే అదే రోజు, లేదంటే 24 గంటల్లోపు, 2000 జి (గురుత్వాకర్షణకు 2000 రెట్లు) దగ్గర 15 నిమిషాలు తిప్పండి. మీగడను వెంటనే పారేయకండి, కొన్ని కణాలు కొవ్వుతో పాటు పైకి తేలతాయి. పెల్లెట్‌ని ఈడీటీఏ ఉన్న పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, కణాల్ని పగలగొట్టే లైసిస్ బఫర్‌లో వేసి అప్పుడు ఫ్రీజ్ చేయండి. ఆటో డీఫ్రాస్ట్ ఉన్న ఇంటి ఫ్రిజ్ వద్దు, అది మధ్యమధ్యలో వేడెక్కుతుంది.

ఇప్పటికే గడ్డకట్టిన శాంపిళ్లు ఉంటే వాటిని తిప్పి పైది పారబోయకండి. మొత్తం పాలకే ఈడీటీఏ, ఎస్‌డీఎస్ (డిటర్జెంట్), ప్రొటీనేజ్-కె (ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్) కలిపి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, ఫినాల్-క్లోరోఫామ్‌తో తీయండి. దిగుబడి తక్కువే అయినా మళ్లీ ఊరికి వెళ్లే పని తప్పవచ్చు.

రీడింగ్ బాగుండి పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు కోట్ల నకళ్లు తీసే పద్ధతి) రాకపోతే కాల్షియమో, కొవ్వో అడ్డుపడుతుండవచ్చు. డీఎన్‌ఏని పదింతలు పలుచన చేసి చూడండి. అప్పటికీ రాకపోతే పాలు విరిగి, మీరు కొలిచింది బ్యాక్టీరియా డీఎన్‌ఏ అయి ఉండవచ్చు.

పీసీఆర్‌లో చిన్న డీఎన్‌ఏ ముక్కలే పెరిగి పెద్దవి రాకపోతే సీసాలో ఫార్మలిన్ వేశారేమో అడగండి. పాల నాణ్యత పరీక్షలకు పంపే శాంపిల్ పాడవకుండా అది వాడతారు, డీఎన్‌ఏకి మాత్రం చేటు. సీసా తెచ్చేవాళ్లకు ముందే చెప్పి దాని బదులు బ్రోనోపాల్ అనే నిల్వ మందు వేయించండి.