అష్టాచెమ్మా: చింతపిక్కల లెక్క

మా మేనత్తతో అష్టాచెమ్మా ఆడి నేను గెలిచింది తక్కువ. కాయ బయటికి రావాలంటే అష్టా గానీ చెమ్మా గానీ పడాలి. నాకేమో ఎంతసేపూ రెండ్లూ మూళ్ళే. "ఇందాకట్నుంచి పడలేదుగా, ఈసారి పడుద్దిలేరా" అని ఆవిడే ఓదార్చేది. పడేది కాదు. చివరికి కాగితం తీసుకుని లెక్కేశాను. మీరూ వేయండి, ఐదు నిమిషాల పని.

మాది నాలుగు పిక్కల ఆట. చింతపిక్కల్ని బండ మీద అరగదీస్తే ఒకవైపు తెల్లగా వస్తుంది. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు. నాలుగూ తెలుపైతే చెమ్మా. ఒక్కటీ తెలుపు లేకపోతే అష్టా, ఎనిమిది.

మొత్తం ఎన్ని రకాలుగా పడొచ్చో ముందు చూడాలి. ఒక్కో పిక్కకు రెండు వైపులు కాబట్టి 2×2×2×2 = 16. పిక్కలకు క, చ, ట, త అని పేర్లు పెట్టుకోండి, తికమక ఉండదు. 'రెండు' పడాలంటే కచ, కట, కత, చట, చత, టత: ఆరు జతలు. 'ఒకటి' నాలుగు రకాలు, 'మూడు' నాలుగు రకాలు. చెమ్మా ఒక్కటే, అష్టా ఒక్కటే. అన్నీ కూడితే 16 రావాలి. రాకపోతే ఎక్కడో ఒకటి వదిలేశారన్నమాట.

అంటే కాయ బయటికి రావడానికి 16లో 2, ఎనిమిదింట ఒకటి. "అయితే ఎనిమిదిసార్లు వేస్తే ఒకసారి ఖాయం" అనుకుంటాం. నేనూ అనుకున్నా. ఇక్కడ కూడకూడదు, పడకపోవడాన్ని లెక్కేయాలి. ఒక్కసారికి అది 7/8. దాన్ని దానితోనే, మొత్తం ఎనిమిది 7/8లు వచ్చేలా గుణిస్తే ఫోన్ కాలిక్యులేటర్‌లో 0.34 వస్తుంది. ఎనిమిదిసార్లు వేసినా, మూడింట ఒకసారి కాయ ఇంట్లోనే కూర్చుంటుంది! ఏడుసార్లు పడలేదన్న సంగతి పిక్కలకు గుర్తుండదు. ఎనిమిదోసారీ అదే 1/8.

లెక్క బాగా పనికొచ్చేది కాయను కాపాడుకోవడానికి. ఇంటూ గీసిన గడి (అక్కడ కాయను చంపకూడదు) అందనప్పుడు అత్త కాయకు రెండు గళ్ళ ముందు ఆగితే, ఆవిడ చంపే అవకాశం 6/16. మూడు గళ్ళైతే 4/16. నాలుగైతే 1/16. చెమ్మా, అష్టా పడితే ఇంకోసారి వేస్తారు కాబట్టి ఇవి కాస్త పెరుగుతాయి. ఆ కాస్తని నేను పట్టించుకోను.

ఒక మెలిక ఉంది. పిక్క రెండు వైపులా సమానంగా పడుతుందని ఎవరు చెప్పారు? ఒక మధ్యాహ్నం అత్త పిక్కల్నే 50 సార్లు వేసి చూశాను. మొత్తం 200 పిక్కల్లో తెల్లగా పడ్డవి 80. అంటే తెలుపు 0.4, నలుపు 0.6. నాలుగు 0.6లు గుణిస్తే అష్టా 0.13, నాలుగు 0.4లు గుణిస్తే చెమ్మా 0.026. చెమ్మాకి అష్టా ఐదు రెట్లు! ఆ ఇంట్లో చెమ్మా ఎందుకంత అపురూపమో అప్పుడు తెలిసింది. ఆ పిక్కలతో మూడు పడటం కూడా నూటికి 25 నుంచి 15కి దిగింది. అందుకే ఇప్పుడు ఆవిడ కాయకు మూడు గళ్ళ ముందు కూడా ధైర్యంగా ఆగుతున్నాను.