కీళ్లవాతం ఉన్నవారు మెడను ఎలా కాపాడుకోవాలి?

కీళ్లను వాచేలా చేసే కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అనగానే అందరి చూపూ వేళ్ల మీదికే పోతుంది. మెడ సంగతి ఎవరికీ తట్టదు. తల కింద ఉన్న మొదటి రెండు వెన్నుపూసల మధ్య కీలుకు కూడా ఈ వాపు చేరవచ్చు. రెండో పూస నుంచి పైకి పొడుచుకొచ్చిన ఎముకను కదలకుండా పట్టి ఉంచే లిగమెంటు ఏళ్ల తరబడి వాచి సాగిపోతే, తల వంచినప్పుడు మొదటి పూస ముందుకు జారుతుంది. వెన్నుపాము ఉండే చోటు ఇరుకవుతుంది.

ముందుగా లక్షణాలు గమనించండి. తల వెనుక భాగంలో నొప్పి, తల వంచితే వీపులోకి షాక్ కొట్టినట్లు అనిపించడం, నడకలో తూలు. అయితే నొప్పి లేనంత మాత్రాన మెడ బాగున్నట్టు కాదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఈమధ్యే కష్టమైతే, ‘వేళ్లు వంకరపోయాయి కదా’ అని సరిపెట్టుకోకండి. కీళ్ల నొప్పి అంతే ఉండి చేతి పట్టు మాత్రం తగ్గుతుంటే కారణం మెడలో ఉండవచ్చు.

తరువాత రుమటాలజిస్టును (కీళ్లవాతం చూసే డాక్టరును) ఎక్స్‌రే గురించి అడగండి. మామూలుగా నిలబెట్టి తీసే ఒక్క ఎక్స్‌రే చాలదు. జారుడు వంచినప్పుడే బయటపడుతుంది. మెడ వంచి ఒకటి, పైకెత్తి ఒకటి, రెండూ పక్క నుంచి తీయాలి. తలను మీరే నెమ్మదిగా, వీలైనంతే కదపాలి. ఎవరూ పట్టి వంచకూడదు. పెద్దవారిలో మొదటి పూసకూ ఆ పొడుచుకొచ్చిన ఎముకకూ మధ్య ముందువైపు ఖాళీ సాధారణంగా 3 మిల్లీమీటర్లు దాటదు. వెనుక వెన్నుపాముకు మిగిలే చోటు 14 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ప్రమాదం. నరాల లక్షణాలుంటే ఎమ్మారై కూడా అవసరం.

క్షవరం అయ్యాక చనువుగా మెడ పట్టి ‘టక్’మనిపించే అలవాటు మన సెలూన్లలో ఇంకా ఉంది. కుర్చీలో కూర్చునేటప్పుడే వద్దని చెప్పండి. మెడను పట్టి లాగే వైద్యాలూ అంతే, వద్దనండి.

ఏ ఆపరేషన్ అయినా, మోకాలిదైనా సరే, మత్తు డాక్టరుకు మీ జబ్బు సంగతి ముందే చెప్పి మెడ ఎక్స్‌రేలు చూపించండి. గొంతులో గొట్టం వేసేటప్పుడు తలను వెనక్కి వంచుతారు మరి.

ఎత్తు దిండు తీసేయండి, ఫోను కళ్ల ఎత్తులో పట్టుకోండి. కాలర్ ఉపశమనం ఇస్తుంది కానీ జారుడును ఆపలేదు. అసలు అడ్డుకట్ట వాపును అదుపులో ఉంచే మందులే. నొప్పి తగ్గిందని వాటిని సొంతంగా మానకండి. జారుడు ముదిరితే పూసలను స్క్రూలతో కలిపేస్తారు. దాంతో తల పక్కకు తిప్పగలిగేది దాదాపు సగానికి తగ్గుతుంది, వెన్నుపాము మాత్రం నలగకుండా ఉంటుంది.

కాళ్లూచేతులు హఠాత్తుగా బలహీనపడినా, మూత్రం మీద పట్టు తప్పినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.