మామిడి సరఫరా ఒప్పందం: ఆన్‌లైన్ డ్రాఫ్టులో కామెంట్లు, సవరణలు నడిపే పద్ధతి

చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీకి తోతాపురి తోలే ఒప్పందమైనా, తిరుపతిలో లాడ్జికి సరుకులు వేసే ఒప్పందమైనా, డ్రాఫ్టు తిరిగేది ఎక్కువగా వాట్సాప్‌లోనే. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ కరెక్టెడ్’ అని మూడు ఫైళ్లు మూడు ఫోన్లలో ఉంటాయి. సంతకాల రోజు ప్రింటయింది ఏదో ఎవరూ చెప్పలేరు. అందరూ ఒకే గూగుల్ డాక్, ఒకే లింకు మీద పనిచేస్తే సగం గొడవ పోతుంది. మిగతా సగం, కామెంట్లను ఎలా నడుపుతామనే దాన్నిబట్టి ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఫాంటు చూసుకోండి. డీటీపీ సెంటర్లలో టైపు చేయించిన పాత తెలుగు ఒప్పందాలు చాలా వరకు అను ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫైలును గూగుల్ డాక్స్‌లోకి ఎక్కిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అది యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు, ఇంగ్లిషు అక్షరాల చోట తెలుగు ఆకారాలు కూర్చిన ఫాంటు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక పాత ప్రింటును పక్కన పెట్టుకుని వత్తులు, ఇంటిపేర్లు, సర్వే నంబర్లు ఒక్కొక్కటే సరిచూడండి. కన్వర్టర్లు తడబడేది అక్కడే. పాత నమూనాలో తిరుపతి, శ్రీకాళహస్తి చిరునామాలకు ‘చిత్తూరు జిల్లా’ అనే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కాబట్టి చిరునామాలు మార్చాలి. అలాగని ఫైండ్ అండ్ రీప్లేస్‌తో గుత్తగా మార్చొద్దు. కోర్టు పరిధి క్లాజులో ఉన్న ‘చిత్తూరు’ కూడా మారిపోతుంది, ఆ క్లాజు లాయరు చెప్పినట్టే ఉండాలి.

ఇక షేరింగ్. డ్రాఫ్టు రాసినవారు ఒక్కరే ఎడిటర్. అవతలి పార్టీ, వాళ్ల లాయరు, మన ఆడిటరు అందరూ కామెంటర్లు, అంటే కామెంట్లు, సవరణ సూచనలు మాత్రమే పెట్టగలవారు. ‘లింకు ఉన్న ఎవరైనా’ అని తెరిచి పెడితే రాసింది ఎవరో తేలదు, అందుకే ఒక్కొక్కరి జీమెయిల్‌తో చేర్చండి. షేర్ పెట్టెలోని చక్రం గుర్తు నొక్కి, ఎడిటర్లు ఇతరులకు అనుమతులు ఇవ్వొచ్చనే టిక్కు తీసేయండి. ఈ ఏర్పాటులో ఒక లోటుంది. ఎప్పుడు ఏం మారిందో చూపే వెర్షన్ హిస్టరీ ఎడిటర్‌కే కనిపిస్తుంది. అతను సజెస్టింగ్ (మార్పు సూచనగా కనిపించే పద్ధతి) పెట్టకుండా నేరుగా ఒక అంకె మార్చేస్తే కామెంటర్‌కు ఆనవాలు కూడా దొరకదు. కాబట్టి కామెంటర్‌గా ఉన్న పార్టీ, విడత విడతకూ ఫైలును వర్డ్ రూపంలో దించుకుని దాచాలి. కిందటి విడత ప్రతినీ, కొత్త ప్రతినీ వర్డ్‌లో రివ్యూ మెనూలోని కంపేర్‌కు ఇస్తే మారిన ప్రతి అక్షరమూ బయటపడుతుంది. మొహమాటపడి ఈ పని మానుకోకండి.

కామెంటు వేరు, సజెషన్ వేరు. కామెంటు ప్రశ్న అడగడానికి, సజెషన్ క్లాజులో పదాలు మార్చడానికి. ఈ తేడా పట్టించుకోకపోతే మాట కామెంట్లలోనే కుదిరి, క్లాజు పాతదే మిగిలిపోతుంది.

ధర క్లాజు చూడండి: ‘తోతాపురి కాయకు ప్రభుత్వం ప్రకటించిన ధర చెల్లించబడును.’ 2025 సీజన్‌లో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి 12 అన్నారు. అలాంటప్పుడు ఈ వాక్యం ప్రకారం ఫ్యాక్టరీ కట్టాల్సింది ఎనిమిదా, పన్నెండా? దీని మీద ‘రేటు చూడండి’ అని కామెంటు పెడితే ‘చూశాం’ అనే జవాబే వస్తుంది. ‘ప్రభుత్వం ప్రకటించిన ధర’ అన్న పదాలు మాత్రమే సెలెక్ట్ చేసి, కంట్రోల్, ఆల్ట్, ఎం కలిపి నొక్కి ఇలా రాయండి: ‘ఇది ఫ్యాక్టరీ వాటా మాత్రమేనా, సబ్సిడీ కలిపిందా? మా ప్రతిపాదన కింద సజెషన్‌లో ఉంది. శుక్రవారంలోగా చెప్పగలరు.’ జవాబు ఎవరు చెప్పాలో వారి మెయిల్‌ను ‘ఎట్’ గుర్తుతో చేర్చి, అసైన్ టిక్కు పెట్టండి. తర్వాత వాక్యాన్నే సజెషన్‌గా తిరగరాయండి: ‘ఫ్యాక్టరీ తన ఖాతా నుంచి కిలోకు ఇన్ని రూపాయలు, కాంటా చీటీ తేదీ నుంచి 15 రోజుల్లోగా రైతు బ్యాంకు ఖాతాకు చెల్లించాలి. ప్రభుత్వ సబ్సిడీ దీనిలో భాగం కాదు.’ ‘చెల్లించబడును’ అనే మాటలో కట్టేది ఎవరో ఉండదు. ఆ క్రియ ఎక్కడ కనిపించినా కర్తను అడుగుతూ ఒక కామెంటు పడాల్సిందే.

ఒక కామెంటులో ఒకే విషయం ఉండాలి. తరుగు, బ్రిక్స్ (కాయ తీపి కొలత), దింపుడు కూలి మూడూ ఒకే దాంట్లో కుక్కితే, తరుగు తేలగానే ఎవరో రిజాల్వ్ (కామెంటు మూసే గుర్తు) నొక్కుతారు, మిగతా రెండూ దాంతోపాటే పేజీ మీద నుంచి మాయమవుతాయి. తెలుగులో సజెషన్ రాసేటప్పుడు ఒక్క గుణింతాన్నో వత్తునో దిద్దకండి. కొట్టేసిన ముక్క, కొత్త ముక్క విడిపోయి అక్షరం చదవడానికి రాదు. పదం మొత్తం చెరిపి మళ్లీ టైపు చేయండి. అంకెకూ అంతే: 30ని 20 చేయాలంటే 3ను ఒక్కదాన్ని మార్చొద్దు. ఫోన్‌లోనైతే మూడు చుక్కల మెనూలో సజెస్ట్ చేంజెస్ ఆన్ అయిందో లేదో చూశాకే వేలు పెట్టండి.

జవాబుల్లో ‘ఓకే’తో జాగ్రత్త. ‘ఓకే, కానీ తరుగు టన్నుకు 20 కిలోలే’ అన్నది ఒప్పుకోలు కాదు, కొత్త ప్రతిపాదన. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం షరతుల్లేకుండా ఉండాలి. అలాంటి కామెంటును తెరిచే ఉంచండి. ఫోన్‌లో తేల్చుకుంటే ఆ సంగతి అదే కామెంటు కింద తేదీతో రాసి, క్లాజులోకి ఎక్కించాకే మూయండి. సంతకమైన ఒప్పందానికి విరుద్ధంగా ‘అప్పుడు నోటిమాటగా ఇలా అనుకున్నాం’ అంటే, కొన్ని మినహాయింపులు తప్ప, కోర్టు ఒప్పుకోదు. భారతీయ సాక్ష్య అధినియమం 95వ సెక్షన్, పాత సాక్ష్య చట్టంలో 92వది, చెప్పేది అదే.

మన లోపలి మాటలు ఈ డాక్‌లో అసలు రాయొద్దు. ‘మనం అర్ధ రూపాయి దిగొచ్చులే’ అని కామెంటు పెట్టి వెంటనే డిలీట్ చేసినా, ఆపాటికే అది మెయిల్‌గా అవతలివాళ్లకు చేరి ఉండొచ్చు.

కామెంటు ఎవరు వేశారో వాళ్లే మూయాలని మొదటి రోజే మాట అనుకోండి. మూయడమంటే రిజాల్వ్, డిలీట్ కాదు. రిజాల్వ్ చేసింది కామెంట్ల చరిత్రలో ఉంటుంది, మళ్లీ తెరవొచ్చు. సజెషన్లను ఒక్కొక్కటే చదివి యాక్సెప్ట్ చేయండి. టూల్స్‌లో ‘యాక్సెప్ట్ ఆల్’ ఉంది, తొందర ఉన్నప్పుడు చెయ్యి దాని మీదికే పోతుంది. దాంతో ఒకే వాక్యం మీద ఇద్దరు పెట్టిన రెండు సజెషన్లూ ఒకేసారి దూరి, వాక్యం ఎటూ కాకుండా పోతుంది. కొత్త క్లాజు చేరితే ‘5వ క్లాజు ప్రకారం’ వంటి ప్రస్తావనలన్నీ వెతికి సరిచేయాలి. టైపు చేసిన ఆ అంకె దానంతటది మారదు.

అన్నీ తేలాక ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీకి వెళ్లి ప్రస్తుత వెర్షన్‌కు ‘సంతకాల ప్రతి’ అని తేదీతో పేరు పెట్టండి. అందరినీ వ్యూయర్లుగా మార్చి పీడీఎఫ్ తీయండి. వర్డ్‌లో ముగించేవారు ‘నో మార్కప్’ చూసి మోసపోవద్దు, మార్పులు కనపడవు గానీ ఫైలులోనే ఉంటాయి. ముందు అన్నీ యాక్సెప్ట్ లేదా రిజెక్ట్ చేయాలి, కామెంట్లు తీసేయాలి. తర్వాత ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ వరుసలో వెళ్లి ఏమీ మిగల్లేదని చూసుకోవాలి. స్టాంపు పేపరు మీదికి ఎక్కించేముందు తెల్ల కాగితం మీద ఒక ప్రింటు తీసి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు పీడీఎఫ్ చూడండి. ప్రింటయ్యాక పెన్నుతో ఏది దిద్దినా ఆ దిద్దుబాటు పక్కన రెండు పార్టీల పొడి సంతకాలుండాలి. రిజిస్ట్రేషన్‌కు వెళ్లే దస్తావేజైతే, అవి లేకుంటే సబ్ రిజిస్ట్రారు దాన్ని తిప్పి పంపొచ్చు. సంతకాలయ్యాక మార్పు కావాలంటే పాత డాక్‌లో కామెంటు పెట్టకండి. అసలు ఒప్పందం తేదీ, మారుతున్న క్లాజు నంబరు వేసి వేరే అనుబంధ ఒప్పందం రాసుకుని, దాని మీద మళ్లీ ఇద్దరూ సంతకాలు పెట్టండి.