చక్కెర జబ్బు ఉన్న కుక్కను చూసుకోవడం – 3వ పాఠం: ఇన్సులిన్ సూది

మొదటి పాఠంలో జబ్బును గుర్తుపట్టడం చూశాం: గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగడం, ఎన్నడూ లేనిది ఇంట్లోనే మూత్రం పోసేయడం, ఎంత తిన్నా చిక్కిపోవడం. రెండో పాఠంలో తిండి సంగతి తేల్చుకున్నాం. ఉదయం ఏడింటికి ఒక పూట, సాయంత్రం ఏడింటికి ఒక పూట, రెండు పూటలా ఒకే తిండి, ఒకే కొలత. మధ్యలో బిస్కెట్లు, పెరుగన్నం ముద్దలు బంద్. ఈ పాఠమంతా సూది గురించే.

డాక్టర్ ఇన్సులిన్ అనగానే చాలామంది మొదట అడిగేది "మాత్రలు లేవా?" అని. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు షుగర్‌కు మాత్రలు వేసుకుంటూ ఏళ్ళ తరబడి నెట్టుకొస్తారు కాబట్టి ఆ ప్రశ్న సహజమే. కుక్కకు వచ్చే షుగర్‌లో మాత్రం క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు దాదాపుగా దెబ్బతినిపోతాయి. మిగిలిన కణాలను పురికొల్పే మాత్రలకు అక్కడ పని ఉండదు. అందుకే రోజుకు రెండు పూటలా సూది, అదీ జీవితాంతం. వినగానే గుండె జారిపోతుంది, నిజమే. కానీ ఇన్సులిన్ సూది వెంట్రుకంత సన్నం. అన్నం మీద ధ్యాస ఉన్న కుక్కకు గుచ్చిన సంగతే తెలియదు. టీకా సూదితో దీన్ని పోల్చుకోకండి. సూది భయంతో వైద్యమే మానేసే ఇళ్ళున్నాయి, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

అసలు ఇన్సులిన్ మనిషి చేతికి వచ్చింది కుక్కల వల్లే. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు ఒక కుక్క క్లోమం తీసేస్తే దానికి చక్కెర జబ్బు వచ్చింది. ఈ జబ్బుకూ క్లోమానికీ ఉన్న సంబంధం అలా తేలింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమం నుంచి తీసిన రసాన్ని కుక్కలకే ఎక్కించి చూశారు. మార్జరీ అని పిలిచిన కుక్క క్లోమం లేకుండానే ఆ రసంతో రెండు నెలలకు పైగా బతికింది. మనిషికి మొదటి ఇంజెక్షన్ 1922 జనవరిలో పడింది. ఆ రుణం ఇవాళ మన ఇంటి కుక్కకు రోజూ రెండు పూటలా తీరుస్తున్నాం అనుకుంటాను నేను.

సీసాకు తగ్గ సిరంజి

ఈ పాఠంలో ఒక్క భాగమే గుర్తుంటుందంటే అది ఇదే అవ్వాలి.

మన మెడికల్ షాపుల్లో ఇన్సులిన్ రెండు గాఢతల్లో అమ్ముతారు. ఒకటి మిల్లీలీటరుకు 40 యూనిట్లు, రెండోది మిల్లీలీటరుకు 100 యూనిట్లు. చిన్న గాజు సీసాల్లో ఎక్కువగా కనిపించేది 40. పెన్నుల్లో, కార్ట్రిడ్జ్‌లలో వచ్చేది 100. సీసాల్లోనూ 100 దొరుకుతుంది కాబట్టి సీసా చూసి ఊహించకండి, లేబుల్ చదవండి. సిరంజిలు కూడా రెండు రకాలు. 40 గాఢతకు కొలతలు గీసిన సిరంజికి ఎర్ర మూత ఉంటుంది, 100 గాఢతకు గీసినదానికి నారింజ రంగు మూత. రాత్రిపూట ట్యూబ్‌లైట్ వెలుతురులో ఆ రెండు రంగులూ దగ్గరదగ్గరగానే కనిపిస్తాయి. అందుకని మూతను నమ్ముకోకుండా సిరంజి గొట్టం మీద ముద్రించిన "యు-40" లేదా "యు-100" చదవండి.

తారుమారైతే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. పన్నెండు కిలోల కుక్కకు డాక్టర్ పూటకు 5 యూనిట్లు రాశారనుకుందాం. (మొదట్లో కిలోకు పావు నుంచి అర యూనిట్ వరకు రాస్తారు, కాబట్టి ఇది మామూలు మోతాదే.) 100 గాఢత ఉన్న ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 5 గీత దాకా లాగితే లోపలికి వచ్చేది 5 కాదు, పన్నెండున్నర యూనిట్లు. రెండున్నర రెట్లు! ఆ మోతాదుకు చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. దానికి తిరగేసి, 40 సీసా మందును నారింజ మూత సిరంజిలో 5 గీత దాకా లాగితే పడేది 2 యూనిట్లే. ప్రాణానికి వెంటనే ముప్పు ఉండదు గానీ, మందు పనిచేయడం లేదనుకుని డాక్టర్ మోతాదు పెంచేస్తారు. తర్వాత ఎప్పుడో షాపులో సరైన సిరంజి ఇచ్చిన రోజున అసలు ప్రమాదం వస్తుంది.

షాపులో "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అని ఊరుకోకండి. సీసా చేతిలో పట్టుకెళ్ళి, "దీనికి యు-40 సిరంజి కావాలి" (100 సీసా అయితే యు-100) అని అడిగి, అక్కడే ప్యాకెట్ చూసి తీసుకోండి. పిల్లల్ని పంపించే పని కాదు ఇది.

ఇంకొక మాట. ఇంట్లో నాన్నగారో అత్తయ్యో ఇన్సులిన్ వాడుతుంటే, ఫ్రిజ్‌లో ఎటూ ఉంది కదా అని అదే కుక్కకు వేయాలనిపిస్తుంది. మన దగ్గర పెద్దవాళ్ళు ఎక్కువగా వాడేది 30/70 మిశ్రమం. అందులో వేగంగా పనిచేసే ఇన్సులిన్ 30 పాళ్ళు కలిసి ఉంటుంది. కుక్కలకు డాక్టర్లు తరచుగా రాసేది మిశ్రమం కాని ఎన్‌పీహెచ్ రకం, లేదంటే జంతువుల కోసమే తయారయ్యే లెంటే రకం. పేర్లు ఒకేలా వినిపిస్తాయి, చివర ఒక్క అక్షరమో అంకో తేడా ఉంటుంది. చీటీలో రాసింది అక్షరం పొల్లుపోకుండా అదే తెచ్చుకోండి. రెండు సీసాలూ ఒకే ఫ్రిజ్‌లో ఉంటే కుక్క సీసాను వేరే డబ్బాలో పెట్టి, మూత మీద పెద్ద అక్షరాలతో కుక్క పేరు రాయండి.

సీసాను కాపాడుకోవడం

తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ మధ్య అరలో పెడితే చాలు. డీప్ ఫ్రీజర్ పక్కన గానీ వెనక గోడకు ఆనించి గానీ వద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపిస్తుంది కానీ పనిచేయదు, పారేయాల్సిందే. తెరిచిన రోజు తేదీని సీసా మీద పెన్నుతో రాయండి. తెరిచాక రకాన్ని బట్టి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు వాడవచ్చు, పెట్టె మీద ఉన్న గడువే లెక్క.

రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో కరెంటు పోతే టెన్షన్ పడక్కర్లేదు. సీసాను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో ఉంచి నీడన పెట్టండి. షాపు నుంచి తెచ్చేటప్పుడు ఐస్ సంచి పక్కన పెట్టుకోండి, కానీ సీసాకూ ఐస్‌కూ మధ్య ఒక గుడ్డ ఉండాలి. స్కూటర్ డిక్కీలో మాత్రం పెట్టకండి.

మందు లాగడం

ఎన్‌పీహెచ్ సీసాను కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పొర పేరుకుని, పైన తేట నీరు నిలుస్తుంది. ఆ తేట నీరే లాగితే మందు పడనట్టే. సీసాను అడ్డంగా పట్టుకుని రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించండి. పది పదిహేను సార్లు దొర్లిస్తే మొత్తం ఒకే తెలుపుకు వస్తుంది. ఎన్‌పీహెచ్‌ను గట్టిగా కుదపకూడదు, నురగ వచ్చి కొలత తప్పుతుంది. (జంతువుల లెంటే రకం వాడేవాళ్ళు దాని కాగితంలో ఎలా కలపమన్నారో అలాగే చేయండి.) దొర్లించినా గోడలకు తెల్లటి తునకలు అంటుకుని ఉంటే ఆ సీసా చెడిపోయింది.

సిరంజిలోకి ముందు 5 గీత దాకా (మన ఉదాహరణలోని మోతాదు ఇది, మీ కుక్కకు డాక్టర్ రాసినదే లెక్క) గాలి లాగి, ఆ గాలిని సీసాలోకి వదలండి. తర్వాత సీసాను తలకిందులు చేసి, సూది మొన మందులో మునిగి ఉండగా 5 గీత కంటే కొంచెం ఎక్కువే లాగండి. బుడగలు కనిపిస్తే గొట్టాన్ని గోరుతో తట్టండి, పైకి తేలుతాయి. వాటిని సీసాలోకే తోసేసి సరిగ్గా గీతకు తెచ్చుకోండి. చిన్న బుడగ వల్ల కుక్కకు హాని ఏమీ లేదు, కానీ బుడగ ఉన్నంత మేర మందు తగ్గుతుంది. అయిదు యూనిట్ల మోతాదులో ఒక యూనిట్ అంటే అయిదో వంతు. గీతను కళ్ళకు ఎదురుగా పెట్టి చూడండి, పైనుంచో కిందనుంచో చూస్తే తేడా వస్తుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళు పెట్టుకునే చూడండి.

సూది వేయడం

వరస మరిచిపోకండి: ముందు తిండి, తర్వాత సూది. గిన్నె పెట్టి, తినడం మొదలుపెట్టాక వేయండి, లేదా తినడం పూర్తయ్యాక వేయండి. మొదటి రోజుల్లో పూర్తిగా తిన్నదని చూసుకున్నాకే వేయడం మంచిదని నా సలహా. తినకుండా ఇన్సులిన్ పడితే చక్కెర పడిపోతుంది.

మెడ వెనక వదులుగా ఉన్న తోలు అందరికీ ముందు తట్టే చోటు. అక్కడ రక్తప్రసరణ తక్కువ. రోజూ అక్కడే గుచ్చితే గడ్డలా గట్టిపడి మందు ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఎక్కుతుంది. భుజం వెనక నుంచి తుంటి ముందు దాకా, వెన్నెముకకు రెండు మూడు అంగుళాల కిందుగా పక్కటెముకల మీది చర్మం వాడండి. ఉదయం కుడివైపు, సాయంత్రం ఎడమవైపు. ప్రతి రోజూ ఒక అంగుళం జరుపుకుంటూ వెళ్ళండి.

ఎడమ చేతి బొటనవేలు, మధ్యవేలుతో చర్మాన్ని పైకి ఎత్తండి. చూపుడువేలితో ఆ మడత మధ్యలో మెల్లగా నొక్కితే చిన్న గుంట పడుతుంది. సూది వెళ్ళాల్సింది ఆ గుంటలోకే. బొచ్చు ఎక్కువున్న పమేరియన్, గోల్డెన్ రిట్రీవర్ లాంటివాటికి ముందు బొచ్చును పాయ తీసినట్టు విడదీసి తోలు కనబడేలా చేసుకోండి. సూది మొన ఏటవాలు భాగం పైకి ఉండాలి. ఒంటికి దాదాపు సమాంతరంగా, కొంచెం వాలుగా పెట్టి, ఒక్క ఊపున లోపలికి పోనివ్వండి. భయంతో మెల్లమెల్లగా నెడితేనే నొప్పి. ప్లంజర్‌ను చివరిదాకా నొక్కి, ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టి సూది బయటికి తీయండి, తర్వాత చర్మం వదలండి.

స్పిరిట్ దూది అవసరం లేదు. దానివల్ల బొచ్చు తడుస్తుంది, మందు బయటికి కారిందో లేదో తెలియకుండా పోతుంది. సూది తీశాక అక్కడ చేత్తో తడిమి చూసి, ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకోండి. ఇన్సులిన్‌కు ఆస్పత్రి వాసన లాంటి ఘాటైన వాసన ఉంటుంది. బొచ్చు తడిగా ఉండి ఆ వాసన వస్తే సూది మడతలోంచి అవతలికి దూసుకెళ్ళిందన్నమాట. సన్నటి తోలున్న చిన్న కుక్కల్లో ఇది మామూలే.

అప్పుడేం చేయాలి? ఏమీ చేయకూడదు. ఇంకో సూది వేయకూడదు. ఎంత లోపలికి వెళ్ళిందో మనకు తెలియదు. ఒక పూట తక్కువ పడితే చక్కెర కొన్ని గంటలు పెరుగుతుంది, నీళ్ళు ఎక్కువ తాగుతుంది, అంతే. రెండుసార్లు పడితే అదే పూట ప్రాణం మీదికి వస్తుంది.

ఇదే సంగతి ఇంట్లో ఇద్దరు ముగ్గురు చేతులు వేసేచోట ఇంకోలా ఎదురవుతుంది.

"అమ్మా, సోనీకి సూది వేశావా?"

"నువ్వు వేశావనుకున్నానురా. వేశానా ఏంటి, ఏమో..."

పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీదే ఆ తేదీ గడిలో సూది పడగానే టిక్ పెట్టండి, పక్కన వేసినవాళ్ళ పేరులో మొదటి అక్షరం రాయండి. టిక్ లేకపోయినా ఎవరికైనా అనుమానం ఉంటే ఆ పూట వదిలేయండి.

తిండి సగమే తిన్నా, అసలు ముట్టకపోయినా, కక్కుకున్నా ఎంత వేయాలన్నది ముందుగానే డాక్టర్ చేత కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. సాయంత్రం ఏడింటికి క్లినిక్ మూసేసి ఉంటే ఆ కాగితమే దిక్కు. తినకపోవడంతో పాటు వాంతులు, నీరసం, నోటినుంచి పండు కుళ్ళిన వాసన ఉంటే మాత్రం కాగితం చూస్తూ కూర్చోకండి, రాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

సూది వేసిన కొన్ని గంటలకు కుక్క తూలడం, వణకడం, గోడల వైపు అయోమయంగా చూడటం, వెనక కాళ్ళు పట్టు తప్పడం కనిపిస్తే చక్కెర పడిపోయిందని అర్థం. మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టండి. తినలేకపోతే తేనె గానీ చిక్కటి గ్లూకోజ్ నీళ్ళు గానీ వేలితో చిగుళ్ళకు రాయండి. స్పృహ లేని కుక్క నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తున్నప్పుడు నోట్లో వేలు పెట్టకండి. చిగుళ్ళకు తేనె రాస్తూనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, మిఠాయిలు మాత్రం దగ్గరికే రానివ్వకండి. వాటిలో ఉండే జైలిటాల్ కుక్క ఒంట్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా ఎగదోస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది.

మోతాదు మీ అంతట మీరు పెంచకండి. మొదటి రోజుల్లో నీళ్ళు తాగడం తగ్గలేదని ఒక యూనిట్ పెంచాలనిపిస్తుంది. కొత్త మోతాదుకు ఒళ్ళు అలవాటు పడటానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ తర్వాతా తగ్గకపోతే వెతకాల్సినవి వేరే ఉంటాయి: మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పుచ్చిన పళ్ళు, దురదకు వాడుతున్న స్టెరాయిడ్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క అయితే ఎద కూడా కారణం కావచ్చు. ఎద తర్వాతి వారాల్లో హార్మోన్లు ఇన్సులిన్‌ను పనిచేయనివ్వవు. అందుకే షుగర్ ఉన్న ఆడకుక్కకు ఆ ఆపరేషన్ చేయించమని డాక్టర్లు గట్టిగా చెబుతారు.

వాడిన సిరంజిని చెత్త సంచిలో వేయకండి. మన చెత్త ఎత్తే మనిషి చేతికి గ్లౌజులు ఉండకపోవచ్చు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక మూత బిగించి క్లినిక్‌లో ఇచ్చేయండి.

ఈ వారం అభ్యాసం

ఒక కొత్త సిరంజి తీసి గ్లాసులో నీళ్ళతో 5 గీత దాకా లాగడం, బుడగలు తీయడం చేయండి. చూడకుండానే చేతులు ఆ పని చేసేదాకా చేయండి. తర్వాత ఆ నీళ్ళను బత్తాయి కాయలోకి ఎక్కించండి. తొక్క దాటేటప్పుడు సూది ఒక్కసారిగా లోపలికి దిగడం చేతికి తెలుస్తుంది, కుక్క తోలు దగ్గరా అలాగే తెలుస్తుంది. ఆ సిరంజిని మళ్ళీ మందుకు వాడకండి. దీనితోపాటు ప్రతి పూటా తిండి పెట్టేటప్పుడు కుక్క పక్కన కూర్చుని, సూది లేకుండా చర్మం ఎత్తి వదలడం అలవాటు చేయండి. అసలు సూది మొదటిసారి డాక్టర్ ముందే వేసి, చేయి సరిగా ఉందో లేదో చూపించుకోండి.

వచ్చే పాఠంలో చెవి అంచు నుంచి రక్తపు చుక్క తీసి ఇంట్లోనే చక్కెర చూసుకోవడం నేర్చుకుందాం. ఈలోగా ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే దాని స్ట్రిప్‌ల గడువు తేదీ చూసి పెట్టుకోండి.