మలయ్ ఆడ్స్‌లో మైనస్ గుర్తు: లెక్క ఎక్కడ తప్పుతోంది?

విశాఖ అక్కయ్యపాలెంలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. ఫుట్‌బాల్ ఫలితాల మీద ప్రాజెక్టు చేస్తున్న కుర్రాడొకడు మొన్న సాయంత్రం లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. "మాస్టారూ, ఈ టీమ్ గెలిచే అవకాశం 125 శాతం అని వస్తోందండీ. ఫార్ములా మాత్రం కరెక్టే" అన్నాడు. నిజమే, ఫార్ములా కరెక్టే. కానీ అతను దించుకున్న పాత డేటాలో ఆడ్స్ (పందెంలో గెలిస్తే ఎంత వస్తుందో చెప్పే అంకెలు) రకరకాల పద్ధతుల్లో ఉన్నాయి, అన్నింటినీ ఒకేలా చదివేశాడు. ఇవే తప్పులు చాలామందికి వస్తాయి కాబట్టి రాస్తున్నాను.

ఇది అంకెలు చదువుకోవడానికే. 1974 నాటి గేమింగ్ చట్టానికి 2020లో చేసిన సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ బెట్టింగ్ నేరమైంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్ర చట్టం దేశమంతటా నిషేధించింది. నా దగ్గర చదువుకునే పిల్లలు ఎవరూ అటు వెళ్లకూడదని మనసారా కోరుకుంటాను.

సమస్య: అవకాశం 100 శాతం దాటుతోంది, లేదా మైనస్‌లో వస్తోంది

1ని ఆడ్స్‌తో భాగిస్తే అవకాశం వస్తుందన్న సూత్రం డెసిమల్ ఆడ్స్‌కే చెల్లుతుంది. డెసిమల్ 1.80 అంటే, రూపాయి పెట్టి గెలిస్తే ఆ రూపాయితో కలిపి చేతికి వచ్చేది 1.80. దీన్నే హాంకాంగ్ పద్ధతిలో 0.80 అని రాస్తారు, అంటే లాభం 80 పైసలు. మా కుర్రాడు 1ని 0.80తో భాగించాడు, అందుకే 125 వచ్చింది. దానికి 1 కలిపి 1.80 చేసి భాగిస్తే 55.6 శాతం.

మలయ్ పద్ధతిలో ప్లస్ అంకె హాంకాంగ్ లాంటిదే, కాకపోతే 1 దాటదు. మైనస్ వస్తే అర్థం తిరగబడుతుంది. -0.80 అంటే నష్టం అని కాదు, 80 పైసలు పెడితే రూపాయి లాభం అని. ఇండోనేషియన్‌లో మైనస్ అంకె 1 కంటే పెద్దది: -1.25 అంటే రూపాయి పావలా పెడితే రూపాయి లాభం. దాన్ని 100తో గుణిస్తే అమెరికన్ పద్ధతిలో -125 అవుతుంది.

పరిష్కారం మూడు ఆసియా పద్ధతులకూ ఒకటే. ప్లస్ అయితే 1 కలపండి. మైనస్ అయితే గుర్తు తీసేసి, 1ని ఆ అంకెతో భాగించి, వచ్చినదానికి 1 కలపండి. మలయ్ -0.80 అలా డెసిమల్ 2.25 అవుతుంది, అవకాశం 44.4 శాతం. ఇండోనేషియన్ -1.25 మళ్లీ 1.80కే వస్తుంది.

సమస్య: గ్రాఫ్ ఒక్కసారిగా పాతాళానికి పడిపోయింది

ఎక్కువమందికి టెన్షన్ పెట్టేది ఇదే. ఒక మ్యాచ్‌కి మలయ్ ఆడ్స్ పొద్దున 0.98, సాయంత్రం -0.98. గీత పైనుంచి నిట్టనిలువుగా కింద పడింది. కుర్రాడు ఆ మ్యాచ్‌లో ఏదో ఘోరం జరిగిందనుకుని వార్తలు వెతికాడు. డెసిమల్‌లోకి మార్చి చూపించాను: 1.98, 2.02. అవకాశం 50.5 నుంచి 49.5కి, అంటే ఒక్క శాతం జరిగింది, అంతే. మలయ్ ఆడ్స్ 1 దగ్గర గుర్తు మార్చుకుంటాయి, సున్నా దగ్గర కాదు. అందుకే 0.98కీ -0.98కీ సగటు తీస్తే సున్నా వస్తుంది, దానికి అర్థమే లేదు.

వరసలో పెట్టినా ఇదే గోల. ఎక్సెల్ -0.95, -0.50, 0.50, 0.95 అని పేరుస్తుంది. వాటి అసలు వరస 0.50, 0.95, -0.95, -0.50. డెసిమల్‌లో 1.50, 1.95, 2.05, 3.00. సగటు, సార్టింగ్, గ్రాఫ్, ఏది చేయాలన్నా ముందు డెసిమల్‌లోకి మార్చిన కాలమ్ ఒకటి తయారు చేసుకుని, దాని మీదే చేయండి.

సమస్య: ఏ పద్ధతో రాయలేదు

మైనస్‌లున్న కాలమ్ తేలిక. మైనస్ అంకెలు 1 లోపు పరిమాణంలో ఉంటే మలయ్, 1 దాటితే ఇండోనేషియన్. వందల్లో ఉంటే అమెరికన్. మైనస్‌లే లేకుండా 1 లోపు అంకెలూ, 1 దాటినవీ కలిసి ఉంటే హాంకాంగ్. అన్నీ 1 దాటి ఉంటేనే చిక్కు. అప్పుడు రెండే ఫలితాలున్న ఒక మ్యాచ్ తీసుకోండి. రెండు వైపులా 1.90 ఉందనుకుందాం. డెసిమల్ అనుకుంటే రెండు అవకాశాల మొత్తం 105 శాతం, హాంకాంగ్ అనుకుంటే 69. బుకీ తన వాటా కలుపుకుంటాడు కాబట్టి మొత్తం 100 కంటే కాస్త ఎక్కువే ఉండాలి. కనుక అది డెసిమల్.

ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది. 2016 నవంబరులో మన మధురవాడ వైపు స్టేడియంలో భారత్, ఇంగ్లండ్ ఆడినట్టు టెస్ట్ మ్యాచ్ అయితే డ్రా కూడా ఒక ఫలితమే. ఫుట్‌బాల్‌లోనూ అంతే. డెసిమల్ 1.90, 5.00 మాత్రమే కలిపితే 72.6 శాతం వస్తుంది, డ్రాకి 3.20 ఉంటే దాన్నీ కలిపాక 103.9 అవుతుంది. మొత్తం 100 లోపు వస్తే పద్ధతిని అనుమానించే ముందు డ్రా కాలమ్ ఉందో లేదో చూడండి.

సమస్య: అంకె ఉంది, ఎక్సెల్ లెక్క చేయడం లేదు

వేరే చోటు నుంచి తెచ్చి అతికించినప్పుడు మైనస్ స్థానంలో పొడుగు గీత వచ్చి ఉంటుంది. దాన్ని మామూలు మైనస్‌తో రీప్లేస్ చేయండి. 5/2 లాంటి భిన్నం తేదీగా మారిపోతే, అతికించకముందే కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి.

సమస్య: కొన్ని వరసల్లో మాత్రమే ఫలితం విడ్డూరంగా ఉంది

కుర్రాడి షీట్‌లో రాత్రి తొమ్మిదింటికి దొరికింది ఇది. -0.75 అన్నవి కొన్ని ఆడ్స్ కాదు, ఆసియన్ హ్యాండిక్యాప్‌లు, అంటే పందెం లెక్క కోసం టీమ్ గోల్స్‌కి కలిపే లేదా తీసేసే అంకెలు. రెండు కాలమ్‌లు అటూ ఇటూ అయ్యాయి. హ్యాండిక్యాప్ ఎప్పుడూ పావు మెట్లలో నడుస్తుంది: 0, 0.25, 0.50, 0.75. ఆడ్స్ 0.87, -0.93 అంటూ ఎక్కడైనా ఆగుతాయి. -0.75 హ్యాండిక్యాప్ అంటే సగం డబ్బు -0.5 మీద, సగం -1 మీద. టీమ్ ఒక్క గోల్ తేడాతో గెలిస్తే మొదటి సగం గెలుస్తుంది, రెండో సగం వెనక్కి వస్తుంది. ఇలా సగం ఫలితాలు ఉంటాయి కాబట్టి పావు హ్యాండిక్యాప్ ఉన్న వరసల్లో 1ని డెసిమల్‌తో భాగించి వచ్చినదాన్ని గెలుపు అవకాశం అనకూడదు. అలాంటి వరసలు ముప్పై ఒకటి ఉంటే, వేరే షీట్‌లోకి తీసి పక్కన పెట్టించాను.